ఆటోక్లేవ్ కాగితానికి ఉన్న అధికారం గాలి ముల్లుకు ఎందుకు లేదు?

ఆసుపత్రుల గాలి వ్యవస్థలను పరీక్షించడం నా వృత్తి. ఈమధ్య ఒకచోట ఆపరేషన్ థియేటర్లు చూడటానికి వెళ్లి, అలవాటు ప్రకారం ముందు రిజిస్టర్ అడిగాను. థియేటర్‌కూ బయటి కారిడార్‌కూ మధ్య గాలి పీడనంలో ఎంత తేడా ఉందో పూటకోసారి రాసే పుస్తకం అది. లోపలి పీడనం ఎక్కువగా ఉంటేనే బయటి గాలి థియేటర్‌లోకి రాదు. నెల పొడుగునా ఒకటే అంకె: 12 పాస్కళ్లు. ఉదయం 12, సాయంత్రం 12, ఆదివారం కూడా 12. ఫ్యాన్ బేరింగ్ మార్చడానికి యంత్రాన్ని రోజంతా ఆపేశామని మరమ్మతుల పుస్తకంలో ఒక తేదీ ఉంది. ఆ రోజు కూడా 12. ఆగిపోయిన యంత్రం ఇంత క్రమశిక్షణతో పనిచేయడం నేనెక్కడా చూడలేదు.

గోడకున్న గేజ్ విప్పి వెనక చూస్తే, ఉండాల్సిన రెండు సన్నటి గొట్టాల్లో ఒకటి ఊడి వేలాడుతోంది. దాని మూతికి దుమ్ము పేరుకుంది. ముల్లు సున్నా మీద హాయిగా పడుకుని ఉంది. "మరి ఈ 12 ఎక్కడిది?" అని టెక్నీషియన్‌ను అడిగాను. అతనేమీ కంగారు పడలేదు. "సరిగ్గా రాసినన్నాళ్లూ ఎవరూ చూడలేదు సార్. ఒకసారి 3 అని రాస్తే, ఎందుకు తగ్గించావని నన్నే అడిగారు. అప్పటి నుంచి 12 రాస్తున్నాను" అన్నాడు.

అతని మీద ఒక పేరా రాసి నివేదిక ముగించడం చాలా తేలిక. కానీ ఆ జవాబులో అబద్ధం లేదు. ఆ అంకె వల్ల ఏ రోజూ ఏ నిర్ణయమూ మారదని అతనికి అనుభవం మీద తెలిసింది. మారేదల్లా తనకు పడే చీవాట్లు మాత్రమే. అలాంటప్పుడు ఎవరైనా 12 రాస్తారు. నేనైనా రాస్తానేమో.

థియేటర్ గాలి నిర్వహణలో అసలు లోటు ఫిల్టర్ల నాణ్యతలో లేదు, మనుషుల శిక్షణలోనూ లేదు అని నాకు కొన్నేళ్లుగా అనిపిస్తోంది. గాలి బాగా లేదని తెలిసిన మనిషికి ఆపరేషన్ ఆపే హక్కు లేకపోవడమే ఆ లోటు. ఈ మాట చర్చల్లో అంటే సర్జన్లు నవ్వుతారు, పాలనాధికారులు నవ్వరు. ఇద్దరి అభ్యంతరాల్లోనూ పస ఉంది. అందుకే కాస్త విడమరిచి రాయాలనిపించింది.

అదే భవనంలో, పక్క గదిలోనే, ఇలాంటి హక్కు ఒకటి ఇప్పటికే ఉంది. పనిముట్లను ఆవిరితో క్రిమిరహితం చేసే ఆటోక్లేవ్ గదిలో పొద్దున్నే మొదటి లోడు వేయకముందు ఖాళీ యంత్రంలో ఒక కాగితపు పొట్లం పెట్టి, 134 డిగ్రీల దగ్గర మూడున్నర నిమిషాలు నడుపుతారు. లోపలి కాగితం రంగు అంతటా సమానంగా మారాలి. మధ్యలో పాలిపోయిన మచ్చ కనిపిస్తే లోపల గాలి మిగిలిందని అర్థం, ఆవిరి పనిముట్ల సందుల్లోకి చేరదని అర్థం. 1963లో బోవీ, డిక్ అనే ఇద్దరి పేరుతో వెలుగులోకి వచ్చిన పరీక్ష ఇది. మచ్చ కనిపిస్తే ఆ యంత్రం ఆ పూటకు పనికిరాదు. ఎంత పెద్ద సర్జన్ అయినా ఆ కాగితంతో వాదించడు. అక్కడ పనిచేసేవారు చిన్న ఉద్యోగులే. "మచ్చ వచ్చింది సార్" అంటే చాలు, పనిముట్లు మరో యంత్రంలోకి వెళ్తాయి. ఆలస్యమైనందుకు వాళ్లను ఎవరూ నిలదీయరు.

గోడ మీది ముల్లు సున్నాకు పడిపోతే మాత్రం ఏమీ జరగదు. కేసు మొదలవుతుంది.

మురికి ఫిల్టర్ గురించి

"హెపా ఫిల్టర్లు మొన్ననే మార్చాం కదా, ఇంకా ఏమిటి?" ఈ ప్రశ్న నేను విన్నన్నిసార్లు మరే ప్రశ్నా వినలేదు. హెపా 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతాన్ని ఆపుతుందన్నది అందరికీ నోటికి వచ్చిన లెక్క. ఆ పరిమాణాన్నే ఎందుకు ఎంచుకున్నారన్నది తక్కువమంది పట్టించుకుంటారు. దానికంటే పెద్ద రేణువులు తిన్నగా వచ్చి పోగులకు తగులుకుంటాయి. మరీ చిన్నవి గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ ఊగిసలాడుతూ ఎక్కడో ఒకచోట అంటుకుంటాయి. ఈ రెంటి మధ్య ఉండి తప్పించుకునే వీలు ఎక్కువగా ఉన్నవి 0.3 మైక్రాన్ల ప్రాంతంలోనివి. చర్మం నుంచి రాలే పొలుసుల మీద సవారీ చేసే బ్యాక్టీరియా దీనికంటే ఎన్నో రెట్లు పెద్ద సరుకు. దాన్ని ఆపడం హెపాకు పెద్ద పనే కాదు.

పైగా దుమ్ము పట్టిన ఫిల్టర్ కొత్తదానికంటే బాగానే వడపోస్తుంది, ఎందుకంటే పేరుకున్న దుమ్మే మరో జల్లెడగా పనిచేస్తుంది. నష్టం మరోచోట ఉంది. గాలి నడవడం కష్టమై ప్రవాహం తగ్గిపోతుంది. థియేటర్‌లో గంటకు 20 సార్లు గాలి మారాలని, ఆ ఇరవైలో నాలుగు సార్లకు సరిపడా బయటి గాలి కావాలని ప్రమాణాలు చెబుతాయి. 20 సార్లు మారే గదిలో గాలిలో తేలే రేణువుల్లో 99 శాతం తొలగిపోవడానికి సుమారు 14 నిమిషాలు పడుతుంది. అదే 12 సార్లకు పడిపోతే 23 నిమిషాలు. ఒక కేసు ముగిసి గది తుడిచి మరో రోగిని లోపలికి తెచ్చే వ్యవధిలో ఈ తొమ్మిది నిమిషాలు చిన్నవి కావు. ఇవి ఏ ఫిల్టర్ రసీదులోనూ కనిపించవు.

రసీదులో కనిపించనివి ఇంకా ఉన్నాయి. కొత్త హెపాను చట్రంలో బిగించేటప్పుడు ఒక మూల గ్యాస్కెట్ మడతపడితే గాలి ఫిల్టర్‌ను తప్పించుకుని ఆ సందులోంచి దర్జాగా వస్తుంది. అందుకే బిగించాక పైనుంచి నూనె తుంపర వదిలి, కింద అంచుల వెంట పరికరంతో గాలించి చూస్తారు. పైన వదిలినదానిలో 0.01 శాతానికి మించి ఎక్కడ కనిపించినా దాన్ని చిల్లు కిందే లెక్కవేస్తారు. హెపాకు ముందుండే ముతక ఫిల్టర్లను, అంటే ప్రీఫిల్టర్లను, కడిగి ఆరకముందే బిగించేయడం ఇంకో రివాజు. కూలింగ్ కాయిల్ కింద నీళ్లు పట్టే ట్రే మూసుకుపోయి నిలవ నీరు పచ్చబడటం మరొకటి. అద్దాల్లా మెరిసే థియేటర్లకు గాలి పంపే గది తలుపు తీస్తే, అడుగు పెట్టబుద్ధి కాని చోట్లు చాలా చూశాను.

గదిలో ఫార్మలిన్ పొగ పెట్టి తలుపులు మూసి, ఆ ఘాటు చూసి శుభ్రమైందని తృప్తిపడే అలవాటు కూడా ఇంకా పూర్తిగా పోలేదు. ఫార్మాల్డిహైడ్‌ను 2004లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. ఊడిన గొట్టాన్ని ఏ పొగా అతికించదు. ఘాటుకు మాత్రం ఒక గుణముంది, ఏదో చేశామన్న నమ్మకం కలిగిస్తుంది. మంచి గాలికి వాసనా ఉండదు, రంగూ ఉండదు. దాని తరఫున మాట్లాడటానికి గోడ మీద ఒక ముల్లు తప్ప ఇంకేమీ లేదు.

శిక్ష పడేది ఎప్పటికో

ఆటోక్లేవ్ మాట చెల్లడానికి కారణం మచ్చ అక్కడికక్కడే కనిపించడం. గాలి తప్పు చేస్తే ఆ ఫలితం ఇంకెవరి వార్డులోనో, ఇంకెప్పుడో తేలుతుంది. కీలు మార్పిడి లాంటి ఆపరేషన్లలో ఇన్ఫెక్షన్ కోసం 90 రోజుల వరకు గమనిస్తారు. అంతకన్నా ఆలస్యంగా బయటపడేవీ ఉన్నాయి. గుండె ఆపరేషన్లలో రక్తాన్ని చల్లబరిచి వేడిచేసే యంత్రాల నీటి తొట్టెల్లో మైకోబాక్టీరియం కిమేరా అనే సూక్ష్మజీవి పెరిగి, ఆ యంత్రం ఫ్యాన్ దాన్ని తుంపరగా గదిలోకి ఊదిన సంగతి 2015 ప్రాంతంలో యూరప్ పరిశోధకులు తేల్చారు. రోగుల్లో జబ్బు బయటపడటానికి నెలలు, కొందరికి ఏళ్లు పట్టింది. కప్పులోని హెపా అక్కడ చేయగలిగింది తక్కువ. మురికి దాని కిందే, గది లోపలే పుట్టింది.

అమెరికాలోని సియాటిల్ చిల్డ్రన్స్ హాస్పిటల్ ఉదంతం చదివినప్పటి నుంచి నన్ను వదలడం లేదు. 2019 మేలో గాలిలో ఆస్పర్‌జిల్లస్ బూజు కనబడిందని థియేటర్లు మూసి, శుభ్రం చేసి, జూలైలో తెరిచి, నవంబరులో మళ్లీ మూశారు. 2001 నుంచి 14 మందికి ఆ బూజు సోకిందని, ఆరుగురు చనిపోయారని అప్పుడు ఆసుపత్రే ఒప్పుకుంది. పాత కేసులను వేటికవే విడివిడిగా చూశామని, వాటికీ గాలి యంత్రాలకూ ఉన్న సంబంధాన్ని గుర్తించలేకపోయామని చెప్పింది. తర్వాతే ప్రతి థియేటర్‌కూ హెపా ఫిల్టర్లు పెట్టడానికి పూనుకుంది. డబ్బు, నిపుణులు, పరికరాలు, పేరు అన్నీ ఉన్న సంస్థకు 18 ఏళ్ల చుక్కలను కలిపి గీత గీయడం సాధ్యం కాలేదు. మరి రిజిస్టర్‌లో 12 రాసే కుర్రాడికి తన అంకెకూ నాలుగు నెలల తర్వాత ఎవరి తుంటిలోనో చేరే చీముకూ సంబంధం కనిపిస్తుందని ఎలా ఆశిస్తాం?

ఫలితం వెంటనే చూపించని పనికి నియమమే కన్ను కావాలి. లేకపోతే ప్రతి ఉదయమూ నిన్నేమీ కాలేదు కదా అనే వాదనే గెలుస్తుంది.

"గాలి వల్ల అంత తేడా ఉందా?"

సర్జన్ల అసలు అభ్యంతరం ఇది. ఒక ఎముకల వైద్యుడు నాతో నిష్ఠూరంగా అన్నారు: "సరైన వేళకు యాంటీబయాటిక్ ఇవ్వడం, చర్మాన్ని సరిగ్గా శుభ్రం చేయడం, మధుమేహం అదుపులో ఉంచడం, ఇవన్నీ వదిలేసి మీరు ముల్లు పట్టుకుని వేలాడుతున్నారు." ఆయన చెప్పినవన్నీ నిజమే. వాటి వరసలో గాలి ఎన్నో స్థానంలో ఉంటుందని అడిగితే నేను మొదటి స్థానం అడగను.

చరిత్ర చూసినా వాదన ఒకవైపే మొగ్గదు. తుంటి కీలు మార్పిడికి ఆద్యుడైన జాన్ చార్న్‌లీ 1960లలో ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్ ఆసుపత్రిలో శుద్ధమైన గాలి కోసం పట్టుబట్టి ఇన్ఫెక్షన్లను భారీగా, చివరికి ఒక శాతం లోపలికి తగ్గించారు. కానీ ఆ కాలంలో ఆయన గాలి ఒక్కటే కాదు, దుస్తులు, పద్ధతులు కూడా మారుస్తూ వచ్చారు. ఏది ఎంత పని చేసిందో విడదీయడం కష్టం. 1982లో లిడ్‌వెల్ అనే పరిశోధకుడి బృందం 8,000కు పైగా తుంటి, మోకాలి ఆపరేషన్లను పరిశీలించి, మామూలు గాలి ఉన్న థియేటర్లలో సుమారు ఒకటిన్నర శాతం ఉన్న లోతైన ఇన్ఫెక్షన్ అతిశుద్ధ గాలిలో 0.6 శాతం ఉందని చూపింది. అయితే అందులో యాంటీబయాటిక్ ఎవరికి ఇవ్వాలన్నది చీటీ తీసి నిర్ణయించలేదు. ఈ విషయం మీద తర్వాత చాలా చర్చ నడిచింది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కీలు మార్పిడి ఆపరేషన్లలో ఇన్ఫెక్షన్ తగ్గించడం కోసం లామినార్ ఫ్లో, అంటే కప్పు నుంచి ఒకే దిశలో తిన్నగా దిగే గాలి, వాడవద్దని సూచించింది. సాక్ష్యం బలహీనమైనదేనని కూడా అదే పత్రంలో చెప్పింది.

ఈ చివరి సంగతిని నా ముందు తరచూ తురుపుముక్కలా వేస్తారు. కాస్త ఆగి చదవాలి. ఆ సూచన పోల్చింది దేన్ని దేనితో? కప్పు మీదినుంచి తిన్నగా దిగే ఖరీదైన గాలిని, సక్రమంగా నడిచే మామూలు వడపోత గాలితో. ఫ్యాన్ బెల్టు జారిపోయిన గదితోనో, ఊడిన గొట్టంతోనో కాదు. లామినార్ కప్పు కొనక్కర్లేదు అనడాన్ని గాలి సంగతి పట్టించుకోనక్కర్లేదు అని మార్చి చెప్పడం జ్వరం రాలేదని థర్మామీటర్‌ను పారేయడం లాంటిది. నన్నడిగితే ఆ సూచన నా పక్షమే. కప్పు మీద పోసే డబ్బు మిగిలితే, కనీసం ఉన్నదాన్ని నడిపే మనుషుల మీద పెట్టవచ్చు.

అయినా ఎముకల వైద్యుడి మాటలో ఒక ముల్లు నాలో మిగిలిపోయింది. ఆటోక్లేవ్ పరీక్ష జవాబు అవును లేదా కాదు. గాలికి అలాంటి గీత లేదు. 20 సార్లు మారే గది సురక్షితం, 17 సార్లు మారేది ప్రమాదం అని ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు. లేని గీతను గీసి దాని పేరిట ఆపరేషన్ ఆపితే నష్టం నిజమైనది: పస్తుండి, భయపడి, మనసు కుదుటపరచుకుని వచ్చిన రోగి మళ్లీ వార్డుకు తిరిగి వెళ్లాలి. ఈ ప్రశ్న నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది.

గీత ఎక్కడ గీయాలి

చివరికి నాకు తోచింది ఇది. గాలిలో చాలా సంగతులకు గీత లేకపోయినా ఒకదానికి ఉంది. దిక్కు. తలుపులు మూసి ఉన్నప్పుడు గాలి థియేటర్ నుంచి బయటికి పోతోందా, బయటినుంచి లోపలికి వస్తోందా? ప్రమాణాలు అడిగే కనీస తేడా 2.5 పాస్కళ్లే. అది తరిగి సున్నా అయిందంటే, కారిడార్‌లోని గాలి, అంటే చక్రాల స్ట్రెచర్లూ చెత్త సంచులూ చెప్పులూ తిరిగే చోటి గాలి, తెరిచిన కడుపు ఉన్న గదిలోకి రావడానికి అడ్డేమీ లేదు. దీనికి అవును, కాదు అని జవాబు చెప్పవచ్చు. ఆపే హక్కు ఇక్కడ మాత్రమే ఉండాలి. తేమ పెరిగినా, ప్రీఫిల్టర్ నిండినా, ప్రవాహం కొంత తగ్గినా మాట్లాడుకుని ఆ వారంలో సరిచేసుకోవచ్చు. దిక్కు తప్పితే మాత్రం ముందే నిర్ణయించిన ఆపరేషన్ మొదలు కాకూడదు.

గేజ్ పాడై ఉంటే? దానికి పరికరం కూడా అక్కర్లేదు. థియేటర్ తలుపు మూసి, కింది సందు దగ్గర టిష్యూ కాగితం పీలిక ఒకటి పట్టుకుంటే చాలు. బయటికి ఊగితే సరే. కదలకపోయినా, లోపలికి లాగినా సరి కాదు. రేణువులు లెక్కపెట్టే యంత్రం బ్యాటరీ అయిపోయిన ఒక రోజు, థియేటర్ ఇన్‌చార్జ్ సిస్టర్ నా ముందే ఇలా చూసి, "లోపలికే పోతోంది సార్, సంతకం పెట్టను" అన్నారు. పైకి వెళ్లి చూస్తే తాజా గాలి వచ్చే డంపర్ మూసి ఉంది. రాత్రి ఏసీ చల్లదనం చాలడం లేదని ఎవరో మూశారట. తెరిచి, మళ్లీ పీలిక పట్టి, కేసు మొదలుపెట్టేసరికి అరగంట కూడా పట్టలేదు. ఆవిడ అనుభవం, ఆవిడ గొంతు ఆ పూట పనిచేశాయి. ఆ డ్యూటీలో కొత్తగా చేరిన అమ్మాయి ఉంటే ఆ మాట అనగలిగేదా?

దిక్కు బాగుంటే అంతా బాగున్నట్టు కాదు. గదిలోంచి గాలి తిరిగి వెళ్లే గ్రిల్‌ను కాస్త నొక్కేస్తే, ప్రవాహం సగానికి పడిపోయినా ముల్లు పీడనం బాగానే చూపిస్తుంది. ఇలా చేసేవాళ్లున్నారు, చూశాను. నిజానికి గ్రిల్ ముందు ఎక్స్‌రే యంత్రాన్ని నిలబెట్టినా కొంత అదే జరుగుతుంది. అందుకే ప్రవాహం కొలత, హెపా చిల్లుల పరీక్ష ఏడాదికోసారైనా జరగాల్సిందే. కానీ బోవీ–డిక్ కాగితం కూడా పనిముట్లు క్రిమిరహితమయ్యాయని చెప్పదు. లోపల గాలి మిగల్లేదని మాత్రమే చెబుతుంది. ఒకే ఒక్క సంగతి చెబుతుంది కాబట్టే దాని మాట చెల్లుతుంది.

అత్యవసర కేసు వస్తే? ప్రమాదంలో నెత్తురు కారుతూ వచ్చిన మనిషిని ముల్లు కోసం ఆపమని ఏ పిచ్చివాడూ అనడు. సర్జన్ మొదలుపెట్టాలి, మొదలుపెట్టానని సంతకం పెట్టాలి. ఇదేమీ కొత్త పద్ధతి కాదు. రక్తం పూర్తిగా పరీక్షించే వ్యవధి లేనప్పుడు ఎక్కించడానికి కూడా సంతకం ఉంది.

ఈ ప్రతిపాదన ఒకటి రెండు చోట్ల రాసి ఇచ్చాను. పాలనాధికారులు దాన్ని మర్యాదగా తీసుకుని ఒక్క మాట మార్చారు. "ఆపరేషన్ మొదలుపెట్టకూడదు" అన్నది "సంబంధిత అధికారికి తెలియజేయవలెను" అయింది. నా వాదనలో ఉన్నదంతా ఆ తీసేసిన మాటలోనే ఉంది. తెలియజేయడానికి ఇప్పుడు మాత్రం ఎవరు అడ్డం? రిజిస్టర్ పుట్టిందే అందుకు.

వాళ్ల భయం నాకు అర్థం కాకపోలేదు. కాంట్రాక్టు సంస్థ పంపిన టెక్నీషియన్ చేతికి థియేటర్ ఆపే తాళంచెవి ఇస్తే, రేపు జీతం గొడవ వచ్చినప్పుడు ముల్లును అడ్డం పెట్టుకుంటాడేమో అని ఒకాయన అడిగారు. జరగదని చెప్పలేను. కానీ పీలిక అబద్ధం చెప్పదు, ఎవరైనా వచ్చి పట్టి చూడవచ్చు. అసలు ఇబ్బంది వ్యతిరేక దిశలో ఉంది. ఆ టెక్నీషియన్ ఎన్ని ఫిల్టర్లు మార్చాడన్న లెక్క మీద అతని సంస్థకు బిల్లు వస్తుంది కానీ గది నుంచి గాలి ఏ దిక్కుకు పోతోందన్నదాని మీద రాదు. కేసు ఆపినవాడిని మర్నాడు వేరే చోటికి పంపమని ఆసుపత్రి నుంచి ఒక ఫోను వెళితే చాలు, మిగతావాళ్లందరూ 12 రాయడం నేర్చుకుంటారు. కాబట్టి కాంట్రాక్టులోనే రాయాలి: పీలిక చూసి ఆపినవాడిని, తర్వాత లోపం చిన్నదేనని తేలినా, ఆ కారణంతో తప్పించకూడదని. సంతకం కూడా అతనొక్కడిదే కాకుండా ఇన్‌చార్జ్ సిస్టర్‌ది కూడా ఉండాలి. ఇద్దరిని ఒకేసారి బెదిరించడం కాస్త కష్టం.

గేజ్ ఎక్కడ పెట్టాలన్నది కూడా నేను చిన్న సంగతి అనుకోను. ఎక్కువచోట్ల అది పై అంతస్తులో, యంత్రం గదిలో, ఒక్క టెక్నీషియనే చూసేచోట ఉంటుంది. దాన్ని కిందికి దింపి చేతులు కడిగే తొట్టెల ఎదురుగా, కంటి ఎత్తులో పెట్టించాలి. సర్జన్ అక్కడ ఎలాగూ కొన్ని నిమిషాలు నిలబడాలి, చేతులు తడిగా ఉంటాయి కాబట్టి ఫోను కూడా చూసుకోలేడు. టెక్నీషియన్ వచ్చి చెప్పేలోగా ముల్లు ఎక్కడుందో ఆయనకే కనిపిస్తుంది.